మా వియ్యపురాలి నలభై తప్పులు

ఈరోజు ఆదివారం, జూన్ ఇరవై తొమ్మిది. మా వియ్యపురాలు పోయి పదకొండు రోజులైంది. పద్దెనిమిదో తేదీ బుధవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, అత్తమ్మ లేదే" అంది. పొయ్యి మీద పాలు ఉన్నాయి. పొయ్యి ఆర్పి, తలుపు తాళం వేసి, మహబూబ్‌నగర్‌లో జడ్చర్ల బస్సు ఎక్కాను. దారిలో నేను ఏడవలేదు. కోపంగా ఉంది. శనివారం నాకు చెప్పవలసిన మాట ఒకటి ఆమె దగ్గరే ఉండిపోయింది.

చర్చి వెనక మట్టి ఇచ్చి వచ్చాక రెండుసార్లు రాయడానికి కూర్చుని లేచాను. అయితే మొన్న శుక్రవారం కొల్లాపూర్ వైపు బడి నుంచి ఒక టీచరు ఫోను చేసింది. ఆ ఫోను వచ్చాక రాయకుండా ఉండటం నేరమవుతుంది. ఆమె ఏమన్నదో దాని చోట చెబుతాను.

ఇది చదివే టీచర్లలో చాలామంది దగ్గర మా వియ్యపురాలు రాసిన నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకం ఉంటుంది. ఇంగ్లీషులో రెండు మూడు మాటలు కలిసి వచ్చినప్పుడు మధ్యలో హైఫన్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నదే ఆ పుస్తకం. మూడు వందల ప్రతులు వేశాం. ఇరవై రెండు బడులకు ఇచ్చాం. ఏ బడికి ఎన్ని చేరాయో నా దగ్గర రాసి ఉంది. ఆ పుస్తకంలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. చేసింది నేను. ఆమెను తలుచుకోవాలంటే ఆ పొరపాటు చెప్పకుండా కుదరదు.

నేను ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పాను. ఆమె ముప్పై ఒక్కేళ్లు ఇంగ్లీషు చెప్పింది. నా కూతురు ఆమె కోడలు. ఇద్దరి ఇళ్లలోనూ మా ముందు తరం వాళ్లు పరుల పొలాల్లో కూలికి పోయినవాళ్లే. మేమిద్దరం మా మా ఇళ్లలో మొదట సంతకం నేర్చిన ఆడవాళ్లం. ఆమె హాస్టల్లో చదువుకుంది, నేను మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను.

పెళ్లి మాటలు అయిన తర్వాత మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు ఆమె నడిమింట్లో చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ రిసెప్షన్ కార్డులు. నల్ల పెన్ను పట్టుకుని ఒక్కో కార్డు మీద ఏదో గీస్తోంది. నన్ను చూసి లేచింది కానీ పెన్ను కింద పెట్టలేదు.

"కూసోర్రి వదినా. ఇంక అరవై ఉన్నయి. అయిపోగొట్టి చాయ్ పెడ్త."

ఒక కార్డు తీసి చూశాను. మా కొడుకును, కోడలిని దీవించండి అని ఇంగ్లీషులో ఉంది. కోడలు అన్న మాట డాటర్-ఇన్-లా. ప్రెస్సువాడు మూడు మాటలు మూడు ముక్కలుగా వేశాడు. ఆమె వాటి మధ్య రెండేసి చిన్న గీతలు చేత్తో పెడుతోంది. నాలుగు వందల కార్డులు.

"ఎవరు చూస్తరు వదినా గంత చిన్న గీత?" అన్నాను.

"మీ బిడ్డ మా ఇంటికొస్తాంది. ముక్కలు ముక్కలుగ పిలుస్తమా?" అంది.

చాయ్ వచ్చేసరికి ఇంకో గంట పట్టింది. నేను కూడా ఒక పెన్ను అడిగి తీసుకున్నాను. లెక్కల టీచరుకు ఖాళీగా కూర్చోవడం రాదు.

రాష్ట్రం వచ్చిన తర్వాత కొన్నేళ్లకు సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారడం మొదలైంది. అప్పటికి మేమిద్దరం రిటైరైపోయాం. నిన్నటిదాకా తెలుగులో చదివిన పిల్లల చేతికి ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆమె ఇంట్లో ఉండలేకపోయింది. వారానికి రెండు రోజులు అమ్రాబాద్ వైపు ఒక బడికి తనంతట తానే పోయి పాఠం చెప్పి వచ్చేది. పొద్దున్నే పోతే చీకటి పడేలోగా ఇల్లు చేరేది. నడుముకు బెల్టు కట్టుకుని పోయేది. ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు.

ఒకసారి నన్ను కూడా తీసుకుపోయింది. ఆరోజు ఎనిమిదో తరగతిలో ముగ్గురు అమ్మాయిల చేతికి మూడు పలకలు ఇచ్చింది. ఒక పలక మీద 'వెల్', ఒక పలక మీద 'నోన్', మూడో దాని మీద 'డాక్టర్'. పేరున్న డాక్టరు అని చెప్పడానికి వెల్-నోన్ డాక్టర్. మొదటి ఇద్దరినీ డాక్టరు ముందు నిలబెట్టి, "చేతులు పట్టుకోర్రి" అంది. పట్టుకున్నారు. తర్వాత డాక్టరును ముందుకు పిలిచి, ఆ ఇద్దరినీ వెనక్కి పంపింది. "ఇప్పుడు డాక్టరు ముందొచ్చింది. ఆ డాక్టరు పేరున్నామె అని వెనక చెప్తున్నం. ఇప్పుడు చేతులిడువుర్రి."

"ఎందుకు మేడం?" అంది 'నోన్' పలక పట్టుకున్న పిల్ల.

"రెండు మాటలు కలిసి ఒకరి ముందట నడుస్తుంటే చేయి పట్టుకోవాలె. లేకుంటే ఎవరు ఎవరితోని వచ్చిండ్రో తెల్వదు. పని అయిపోయినంక ఎవరి చేయి వాళ్లది."

వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మేడం, వీళ్లిద్దరికి పొద్దుగాల కొట్లాటయింది, చేయి పట్టుకోరు" అంది. తరగతి అంతా నవ్వింది. మా వియ్యపురాలు నవ్వలేదు. "ఇంగ్లీషుల కొట్లాట నడువదు. పట్టుకోర్రి" అంది. పట్టుకున్నారు.

లీ అని తోక ఉన్న మాట వస్తే హైఫన్ వద్దని కూడా ఆరోజే చెప్పింది. కొత్తగా కట్టిన బడి, న్యూలీ బిల్ట్ స్కూల్. "లీ తోకున్న మాటకు దారి తెల్సు. దాని చేయి పట్టుకోనక్కర లేదు" అంది. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను ఒక్క సూత్రాన్నైనా అంత తేలికగా చెప్పలేకపోయాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

తిరుగు బస్సులో పుస్తకం మాట నేనే ఎత్తాను. "వదినా, ఇదంత రాసిపెట్టు. నువ్వు ఒక్క బడికే పోతవు. పుస్తకమైతే ఇరవై బడులకు పోతది."

ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టించింది. ఒప్పుకున్నాక రెండేళ్లు నన్ను సతాయించింది. నాకు కావలసింది ఒక పట్టిక. గీత ఉండే మాటలు ఒక వైపు, లేనివి ఒక వైపు. పిల్లలు నోటికి నేర్చుకుంటారు, పని అయిపోతుంది. ఆమె ఆ పట్టిక ఇవ్వదు.

"ఎక్కం కాదు వదినా ఇది. మా హాస్టల్ పాత పుస్తకాలల్ల టుడే మధ్యల గీత ఉండె. ఇప్పుడు లేదు. ఈమెయిల్ల మొన్నటిదాంక ఉండె. ఇప్పుడు చానమంది తీసేసిండ్రు. నువ్వు పట్టిక రాసేలోపల అది మారుతది."

"మరి పిల్లలకు ఏం చెప్పాలె?"

"చూడమని చెప్పాలె. చదివేటాయన ఎక్కడ ఆగిపోతడో, ఎక్కడ తప్పు దారి పడ్తడో చూడుమని."

"చూసుడేంది వదినా, జవాబు ఉండాలె కద."

"నీకు జవాబు కావాలె. పిల్లలకు చూపు కావాలె" అని పల్లీలు ఒలుచుకునేది.

నాకు ఒళ్లు మండేది. అయినా ఆమె చెప్పిన ఒక ఉదాహరణకు ఒప్పుకోక తప్పలేదు. పది ఎకరాల ప్లాట్లు అని దరఖాస్తులో రాయాలి. టెన్-ఏకర్ ప్లాట్స్ అని గీత పెడితే ఒక్కో ప్లాటు పది ఎకరాలు. గీత తీసేస్తే ఎకరం చొప్పున పది ప్లాట్లు అని చదివే వీలుంది. భూమి లేని ఇంట పుట్టినదాన్ని, ఆ తేడా నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మా పని ఎట్లా నడిచేదో చెప్పాలి, పొరపాటు అక్కడే ఉంది. ప్రూఫు ఎప్పుడూ ఇద్దరం కలిసే చూడాలని ఆమె నియమం. ఒకరు అచ్చు కాగితం పట్టుకుని పైకి చదవాలి. ఒకరు చేతిరాత ప్రతి పట్టుకుని వినాలి. చదివేవారు హైఫన్ వచ్చిన ప్రతిచోటా 'గీత' అని పలకాలి. వెల్ గీత నోన్ డాక్టర్. ఫైవ్ గీత ఇయర్ గీత ఓల్డ్ గర్ల్. ఒక్కరే చూస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుందని ఆమె వాదన. వాళ్ల వరండాలో పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఇదే పాట. పక్కింటామె ఒకరోజు గోడ మీదుగా అడిగింది: "గీత ఎవరమ్మా? దినాం పిలుస్తరు, ఒక్కనాడన్న పలుకదు. ఇంత మొండి పిల్లేంది?"

మా వియ్యపురాలు, "పలికేదాంక పిలుస్తం అక్కా" అంది.

అంతవరకూ ఆమె నన్ను మీరు అనేది. ఆ వరండాలోనే నువ్వు అనడం మొదలుపెట్టింది.

అంత చిన్న గీత మీద అంత పట్టుదల ఎందుకని ఒకసారి గట్టిగానే అడిగాను. ఆమె చేతిలో కాగితం పక్కన పెట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో సెలవు చీటీ ఇంగ్లీషులో రాసి ఇచ్చిందట. హెడ్‌మిస్ట్రెస్ దాన్ని స్టాఫ్ రూములో పైకి చదివి, ఒక చోట ఆగి నవ్విందట. అందరూ నవ్వారట. అదే నెలలో ఇంకో టీచరు అంతకన్నా తప్పుల చీటీ రాస్తే ఎవరూ ఆగలేదట. "మంచి ఇండ్లల్ల పుట్టినోళ్లు తప్పు రాస్తే తొందరల రాసిండ్రంటరు. మనం రాస్తే మన పుట్టుక దాంక పోతరు. మన పిల్లలకు తప్పు రాసే జాగ లేదు వదినా" అంది. నేను మళ్లీ ఆ ప్రశ్న అడగలేదు.

ఈ ఏప్రిల్లో నా కంటికి శుక్లం ఆపరేషను అయింది. నెల రోజులు చదవవద్దన్నారు. ఆ నెలలో ఆమె ఒక్కతే కూర్చుని పుస్తకం రెండో సగానికి ఎనిమిది చిన్న కథలు రాసింది. రాసి నేరుగా ప్రెస్సుకు ఇచ్చింది. "కొన్ని కథలు కలిపిన. నువ్వు చూస్తే నవ్వుతవు" అని మాత్రం నాతో అంది. ఆ కథలు ఎందుకో, పిల్లలు వాటితో ఏం చేయాలో ముందుమాటలో రాస్తానంది. ఆ ముందుమాట రాయమని నేను పదకొండు సార్లు అడిగాను. ప్రతిసారీ "ముందుమాట ఆఖరికి రాస్తరు వదినా" అంది.

మే నెల మూడో వారంలో ఆమెకు ఆయాసం ఎక్కువై మహబూబ్‌నగర్‌లోనే దవాఖానలో చేర్చారు. నేను పోయినప్పుడు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ చెప్పింది: "ఆఖరి ప్రూఫు ఒక్కదానివే చూడకు. నేనొచ్చినంక కూసుందాం."

ఆమె ఎప్పుడు వస్తుందో డాక్టర్లకే తెలియదు. జూన్ పన్నెండున బళ్లు తెరుస్తారు. ప్రెస్సు యజమాని దినమూ ఫోను చేస్తున్నాడు. "మేడం, వేరే పని లైన్ల ఉంది. మీరు సరే అంటె ఎక్కిస్త, లేకుంటె జూలై దాంక నన్నడుగొద్దు." నేను ఆగలేదు. ఒక్కదాన్నే కూర్చున్నాను.

మొదటి సగం శుభ్రంగా ఉంది. రెండో సగంలో ఆ ఎనిమిది కథలు మొదటిసారి చదివాను. ఐదేళ్ల పిల్ల, ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్ అని ఉండవలసిన చోట గీతలు లేవు. పిల్ల వయసు ఐదేళ్లు అని వెనక చెప్పేచోట గీతలు ఉన్నాయి. న్యూలీ బిల్ట్ మధ్య గీత. ట్వెంటీ-వన్ మధ్య ఖాళీ. పేజీ పేజీకీ తప్పులు. ప్రెస్సు నుంచి ఆమె చేతిరాత కాగితాలు తెప్పించి చూశాను. తప్పులు ప్రెస్సువి కావు, ఆమె చేతివే. రెండేళ్లలో ఒక్క గీత తప్పు పెట్టని మనిషి. దవాఖానలో చేరడానికి ముందు వారమే మా మనవరాలిని వాళ్లమ్మ పేరుతో పిలిచింది. రెండు మూడుసార్లు కళ్లద్దాలు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతికింది. నాకు తోచింది ఒక్కటే. ఆమె బుద్ధి జారిపోతోంది.

ఎవరికీ తెలియకూడదు అనుకున్నాను. ఆమె కొడుక్కి, కోడలికి, అందరికన్నా ముందు ఆమెకు. ప్రతి తప్పునూ నా రిజిస్టరులో పేజీ, వరుస వేసి రాసుకున్నాను. ముప్పై ఏడు. అన్నీ దిద్ది ప్రెస్సుకు పంపించాను. తర్వాత ఆమె చేతిరాత కాగితాలను ముక్కలుగా చింపాను. బస్సు టిక్కెట్టు కూడా తారీఖు వేసి దాచుకునే మనిషిని. నేను చింపిన కాగితాలంటూ ఉంటే అవే.

జూన్ పదో తేదీకి మూడు వందల ప్రతులూ బళ్లకు చేరాయి. పదకొండో తేదీ ఒక ప్రతి తీసుకుని దవాఖానకు పోయాను. ఆరోజు ఆమె కాస్త తేరుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మా మనవరాలు పక్కన బత్తాయి ఒలుస్తోంది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి.

పుస్తకం చేతికిచ్చాను. అట్ట తడిమింది. నేరుగా వెనక సగం తెరిచింది. రెండు పేజీలు చదివి, నా వైపు చూసి, మళ్లీ చదివింది.

"వదినా, ఇవి ఎవరు దిద్దిండ్రు?"

"నేనే."

"అన్నిటినా?"

"అన్నిటిని. ఒక్కటి ఇడువలే."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు దగ్గయింది. మనవరాలు లేచి నీళ్లు ఇచ్చింది. ఊపిరి సర్దుకున్నాక ఆమె అంది: "మరి పిల్లలు ఏం దిద్దాలె వదినా ఇప్పుడు?"

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ తప్పులు ఆమె కావాలని పెట్టింది. మొదటి సగంలో నేర్చుకున్నదానితో పిల్లలు రెండో సగం కథల్లో తప్పులు వెతికి దిద్దాలి. ఆ సంగతే ఆ రాయని ముందుమాటలో ఉండవలసింది.

"చెప్పొచ్చు కద నాకు" అన్నాను. గొంతు పెరిగింది. పక్క మంచం ఆమె తిరిగి చూసింది. "పదకొండు సార్లు అడిగిన ముందుమాట. పదకొండు సార్లు."

"నువ్వు అడుగొచ్చు కద నన్ను. ముప్పై తప్పులు చూసినవు. ఏందిది అని ఒక ఫోను చేయలే." ఆగింది. "నాకు మతి పోయిందనుకున్నవా?"

అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. "అనుకున్న" అన్నాను.

మనవరాలు బత్తాయి తొన ఆమె నోటికి అందించింది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని అట్లాగే పట్టుకుంది.

"నాకు చెప్పకుంట దాచినవు."

"నీకు బాధయితదని."

"గందుకే ఒక్కదానివే చూడొద్దన్న" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత ఆమె చెప్పిన మాట ఈ పుస్తకం వాడే ప్రతి టీచరుకూ తెలియాలి. "పిల్లలు ఇంగ్లీషును దిద్దాలె వదినా. ఇన్నేండ్లు ఇంగ్లీషే మనల్ని దిద్దింది. ఒక్కసారి ఎర్ర పెన్ను వాళ్ల చేతుల ఉండాలని ఆ కథలు రాసిన."

నా సంచిలో రిజిస్టరు ఉంది. తీసి చూపించాను. మళ్లీ అన్నీ పెట్టిస్తాను, లెక్క నా దగ్గర ఉంది, ముప్పై ఏడు అన్నాను. ఆమె ఆ పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. మొహం వెలిగింది.

"నలభై పెట్టిన వదినా."

"నలభయ్యా?"

"నలభై. కథకు ఐదు చొప్పున ఎనిమిది కథలు. మూడు నీకు కూడ దొరకలే." మనవరాలి వైపు తిరిగి, "చూసినవానే? మీ అమ్మమ్మకు మూడు దొరకలేదంట" అంది.

"నానమ్మా, ఇయాల అమ్మమ్మకు నిద్ర పట్టది" అంది ఆ పిల్ల.

ఎక్కడెక్కడో చెప్పమని అడిగాను. ఆమె చెప్పలేదు. "శనివారం దాంక వెతుకు. దొరకకుంటె అప్పుడు చెప్త." మొదటి శనివారం నాడు ఆమెకు జ్వరం, మాట్లాడించవద్దన్నారు. "వచ్చే శనివారం" అని చేత్తో సైగ చేసింది. సోమవారం ఆమెను జడ్చర్ల ఇంటికి తీసుకుపోయారు. ఆ శనివారానికి మూడు రోజుల ముందే బుధవారం వచ్చింది.

ఇప్పుడు కొల్లాపూర్ వైపు టీచరు ఫోను సంగతి. మా వియ్యపురాలు దవాఖానలో చేరకముందే ఆ టీచరుతో మాట్లాడి, వెనక కథల్లో తప్పులు ఉంటాయి, పిల్లలతో దిద్దించమని చెప్పిందట. మొన్న ఆ టీచరు నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మేడం, పెద్ద మేడం చెప్పినట్టే పిల్లలకు ఎర్ర పెన్నులు ఇచ్చిన. తప్పులు దొరుకుత లేవు. తప్పులు ఉన్నయన్నరు కద అని మంచిగున్నయి కొట్టేస్తున్నరు. ఒక పిల్ల అయితే ఏడ్చింది మేడం, నాకు కనిపిస్త లేవు, నాకు ఇంగ్లీషు రాదు అని."

ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. ఆ పిల్ల కన్ను సరిగానే చూసింది. అక్కడ తప్పులు లేవు, నేను తీసేశాను. తనకు రాదని ఏ పిల్లా అనుకోకూడదనే ఒక మనిషి నడుముకు బెల్టు కట్టుకుని అడవి దారిలో బస్సులు మారి తిరిగింది. ఆ పిల్ల చేతే ఆ మాట అనిపించిన పుస్తకాన్ని మంచి మనసుతో, శ్రద్ధగా, వరుస తప్పకుండా నేనే తయారుచేసి పంచాను. ఈ పదకొండు రోజుల్లో చాలామంది వచ్చి ఆమె ఎంత మంచిదో చెప్పారు. నాకు తెలుసు. ఆమె చెప్పకుండా దాచుకునేది, నేను అడగకుండా దిద్దేదాన్ని. అది కూడా ఎవరైనా చెప్పాలి కదా. ప్రెస్సు యజమాని నిన్న ఫోనులో ఓదార్చాడు: "గంత చిన్న గీతలు ఎవరు చూస్తరు మేడం, ఇడిసిపెట్టుర్రి." ఒకప్పుడు నేను అన్న మాటే.

మూడు వందల ప్రతులు, ప్రతికి ముప్పై ఏడు చోట్లు. పదకొండు వేల ఒక వంద గీతలు పెట్టాలి లేదా తీయాలి. ఇక జరగవలసినవి ఇవి.

1. పుస్తకం అందిన ఇరవై రెండు బడుల టీచర్లు వెనక ఎనిమిది కథలను పిల్లలతో దిద్దించడం ఈరోజే ఆపాలి. ఎందుకు ఆపుతున్నారో పిల్లలకు చెప్పాలి. తప్పు పుస్తకం చేసినవారిదని, వాళ్లది కాదని స్పష్టంగా చెప్పాలి. ఏడ్చిన పిల్లకు ముందుగా చెప్పాలి.

2. జూలై నెలలో ప్రతి బడికీ నేనే వస్తాను. మొదట కొల్లాపూర్ వైపు బడి, తర్వాత అమ్రాబాద్, చివరికి జడ్చర్ల. పరీక్షలని, సభలని వాయిదా వేయవద్దు. ప్రతులన్నీ ఒకచోట పెట్టి ఉంచితే చాలు.

3. తీసేసిన తప్పులను తిరిగి పెట్టాలి. ఉండకూడని గీతకు నల్ల పెన్ను, ఉండవలసిన గీత మీద తెల్ల ఇంకు. ఒకరు చదవాలి, ఒకరు వినాలి. సెలవు రోజుల్లో నాతో కూర్చోవడానికి మా మనవరాలు ఒప్పుకుంది. మిగతా రోజుల్లో బడి నుంచి ఒక టీచరు కూర్చోవాలి. ఒంటరిగా ఎవరూ ఒక్క ప్రతినీ ముట్టకూడదు. ఆ నియమం ముందు నాకు వర్తిస్తుంది.

4. ముందుమాట ఆమె రాయలేదు కనుక నేను రాయాలి. ఒక పేజీ చాలు. ఈ కథల్లో తప్పులున్నాయి, కావాలని పెట్టినవి అన్నది మొదటి వాక్యం. ఆ కాగితం ప్రతి పుస్తకంలోనూ అంటించాలి.

5. మిగిలిన మూడు తప్పులు ఇప్పటికీ పుస్తకంలోనే ఉన్నాయి. ఇరవై సార్లు చదివాను. ముప్పై రెండో పేజీలో ఒకటి అనుమానంగా ఉంది, ఖాయంగా చెప్పలేను. వాటిని పిల్లలే వెతకాలి. టీచర్లకు కనబడినా పిల్లల చెవిలో ఊదవద్దు.

6. ఏ పిల్లకైనా దొరికితే నాకు ఫోనులో చెప్పవద్దు. దొరికిందని మాత్రం కబురు పెట్టండి, బడికి వస్తాను. ఆ పిల్ల నల్లబల్ల మీద వాక్యం రాసి, ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో అందరికీ చెప్పాలి. నేను వెనక బెంచీలో కూర్చుంటాను. నాకు అర్థం కాకపోతే చెయ్యి ఎత్తుతాను.